గాలి సెన్సరుకు ఇప్పనూనె

నా ఉద్యోగ జీవితంలో నన్ను అందరికన్నా ఎక్కువ ఏడిపించిందీ, అందరికన్నా ఎక్కువ నవ్వించిందీ మనిషి కాదు. కందిబద్ద కన్నా చిన్న సిలికాన్ బిళ్ళ. ఇంజను లోపలికి ఎంత గాలి పోతోందో కనిపెట్టి చెప్పే సెన్సరులో అది ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు "ఓస్, ఇంతేనా!" అన్నాను. రిటైరయ్యేనాటికి దాని ముందు చేతులు కట్టుకుని నిలబడేంత భయభక్తులు వచ్చాయి.

ఈమధ్య ఐటీఐలో మోటారు పని నేర్చుకునే పిల్లలు కొందరు ఇంటికొచ్చి, మీ అనుభవాలు చెప్పండి మేస్త్రీ అన్నారు. ఎన్ని ఇంజన్లు దించానో, ఎవరెవరు మెచ్చుకున్నారో చెబితే వాళ్ళకు ఒరిగేదేమీ లేదు. చేసిన తప్పులు చెబితే పనికొస్తాయి. తప్పులకైతే నా దగ్గర కొదవ లేదు. అందులో రెండు మాత్రం రాస్తాను. ఒకటి చేత్తో చేసింది, ఒకటి నోటితో చేసింది.

ఊదితే పోయింది

మాది భద్రాచలం అవతల ఒక పల్లె. పని వెతుక్కుంటూ బస్తర్‌లోని ఇనుప గనుల టౌన్‌షిప్‌కు వచ్చి, అక్కడి బండ్ల వర్క్‌షాపులో చేరాను. నాకు పని నేర్పింది అప్పలస్వామి గారు, విజయనగరం వైపు మనిషి. టీ గ్లాసు పట్టుకుని ఇంజను చప్పుడు వినేవారు. టీ అయిపోయేలోపు జబ్బేమిటో చెప్పేసేవారు. నోరు మాత్రం మహా దురుసు. ఆయన తిట్టని రోజున మాకు ఒంట్లో బాగుండేది కాదు.

అప్పటిదాకా మేం చేసినవన్నీ పాత జీపులు. గాలి ఎంత, డీజిల్ ఎంత అని వాటిని అడిగినవాడు లేడు. ఒకరోజు ఒక ఆఫీసరు గారి కొత్త కారు వచ్చింది. కుదుపులు, దగ్గులు. విప్పి చూస్తే గాలి గొట్టంలో వేలెడంత ప్లాస్టిక్ ముక్క, దాని కొసన ఈ బిళ్ళ. గనుల ఎర్రధూళి దానిమీద పలచగా పట్టి ఉంది. దుమ్మే కదా అనుకున్నాను. టైర్లకు గాలి కొట్టే పైపు లాగి, దాని మొహాన "బుస్స్" మని ఒక్కటి కొట్టాను. ఎంత శుభ్రమైందో! తళతళలాడింది. బిగించి స్టార్ట్ చేస్తే, అంతకుముందు దగ్గిన కారు ఇప్పుడు మూలగడం మొదలుపెట్టింది.

అప్పలస్వామి గారు టీ గ్లాసు కింద పెట్టారు.

"ఏట్రా, ఏటి సేసినావు?"

"దుమ్ము ఊదానండి."

"దేంతో ఊదినావు? నోటితోనా?"

నేను పైపు వైపు చూశాను. ఆయనా చూశారు.

"ఓరి నీ దుంప తెగ! అది కొలిసేది ఇంజను పీల్చే ఊపిరిరా బాబూ, తుఫాను కాదు! దాని మొహాన గోనిసంచీ దులిపినట్టు దులిపీసినావేటి?"

భూతద్దం పెట్టి చూపించారు. బిళ్ళ నడుమ వెంట్రుక కన్నా పలచటి పొర ఉంటుంది. అది చిరిగిపోయింది. అప్పుడు ఆయన తన వేలు తడి చేసుకుని పైకెత్తారు. "గాలి ఏ పక్కనుంచి కొడితే వేలు ఆ పక్క సల్లబడతాది గదా? ఇదీ అంతే. నడుమ చిన్న వేడి పెట్టీసి, అటూ ఇటూ వేడి కనిపెట్టేవి రెండు పెట్టినారు. గాలి రాకపోతే రెండు పక్కలా ఒకటే వేడి. గాలి వస్తే ముందు పక్క సల్లబడతాది, ఎనక పక్క వేడెక్కుతాది. ఆ తేడా చూసి బండిలో కంప్యూటరు, ఓహో ఇంత గాలి వచ్చింది, దీనికి ఇంత డీజిలు ఇవ్వాల అని లెక్కేసుకుంటాది. ఇది అబద్ధం సెప్తే కంప్యూటరు తప్పు సేస్తాది. పాపం దానికేం తెల్దు, ఇది సెప్పిందే నమ్ముతాది."

ఇంతకన్నా బాగా ఆ సంగతి నాకు ఇప్పటికీ ఏ పుస్తకంలోనూ దొరకలేదు. చేత్తో తాకకండి, కుంచె పెట్టకండి, గాలి కొట్టకండి. దానికని దొరికే స్ప్రే దూరం నుంచి కొట్టి, దానంతటది ఆరనివ్వండి. ఇది మీకు ఎవరైనా చెబుతారు.

ఎవరూ చెప్పనిది ఆ తరవాత జరిగింది. ఆఫీసరు గారు వచ్చి నిలబడితే, నేను బండి వెనక్కి నక్కాను. అప్పలస్వామి గారు ముందుకు నడిచి, "మా పొరపాటండి. సెన్సరు మా సేతిలో పోయింది. కొత్తది వచ్చేదాకా బండి మా పూచీ" అన్నారు. నా పేరు చెప్పలేదు. సాకులూ చెప్పలేదు. ఆఫీసరు ఒక నిమిషం రుసరుసలాడి వెళ్ళిపోయాడు. గురువుగారు మళ్ళీ టీ గ్లాసు అందుకుని, "అంతేరా. సెప్పేస్తే నిమిషం. దాస్తే నెల" అన్నారు. చిరిగిన ఆ బిళ్ళను నెలరోజులు చొక్కా జేబులో పెట్టుకు తిరగమన్నారు, తిరిగాను.

నోటి తొందర

తరవాత నేను తోంగ్‌పాల్ వచ్చాను. జగదల్‌పూర్ నుంచి సుక్మా పోయే రోడ్డు పక్కన ఒక ట్రాన్స్‌పోర్టు యజమాని వర్క్‌షాపు. ఆయన్ని అందరూ సేఠ్ అంటారు. ఆయన జీపులు జగదల్‌పూర్ నుంచి సుక్మా దాటి చింతలనార్ దాకా తిరుగుతాయి. సేఠ్ చెడ్డవాడు కాదు. అనుమానం ముందు పుట్టి ఆయన తరవాత పుట్టాడు, అంతే. రుజువు చూపిస్తే మాత్రం మారు మాట్లాడకుండా ఒప్పుకుంటాడు. అలాంటి యజమాని దొరికితే, పిల్లలూ, అనుమానాన్ని భరించండి.

చింతలనార్ బండి నడిపేది మడకం ఇడమా. వాళ్ళ నాన్న హుంగా అదే దారిలో పాత జీపు నడిపి నడిపి పోయాడు. నాకు మంచి స్నేహితుడు. నాన్న పోయాక ఇడమా లైసెన్సు తెచ్చుకుని వచ్చి సేఠ్‌ని అడిగాడు, "మా నాయిన సీటు ఇయ్యిండ్రి" అని. సేఠ్ ఇచ్చాడు. కొత్త బండి, గాలి సెన్సరు ఉన్న బండి. ఇడమా దాన్ని పెళ్ళికూతురిలా చూసుకునేవాడు. వర్క్‌షాపుకు తెచ్చే ముందు వాగులో కడిగి, తుడిచి, తానూ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చేవాడు.

ఒక ఎండాకాలం ఆ బండి బలం పోయింది. చదునులో పరవాలేదు. తోంగ్‌పాల్ దాటి జగదల్‌పూర్ వైపు ఘాట్ ఎక్కమంటే మొరాయిస్తుంది. ఆ సంగతి సేఠ్ నాకు టీ కొట్టు దగ్గర చెప్పాడు. నేను బండి చూడలేదు, బానెట్ ఎత్తలేదు. బిస్కట్ టీలో ముంచుతూ, "డీజిల్‌లో ఏదో కలిసినట్టుంది" అనేశాను.

అదే నా రెండో తప్పు. బిస్కట్ టీలో పడిపోయింది, మాట సేఠ్ చెవిలో పడిపోయింది.

మర్నాడు విప్పి చూస్తే డీజిల్ నిక్షేపంగా ఉంది. గాలి సెన్సరు మీద గోధుమరంగు జిడ్డు పొర ఉంది. జిడ్డు కప్పుకున్న బిళ్ళ "గాలి తక్కువగా వస్తోంది" అని చెబుతుంది. గాలి తక్కువైతే పొగ వస్తుందని కంప్యూటరు డీజిల్ తగ్గించేస్తుంది. ఘాట్ మీద బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? సెన్సరు శుభ్రం చేశాను. ఇడమా సంతోషంగా తీసుకుపోయాడు. రెండు వారాలకు మళ్ళీ తెచ్చాడు. ఈసారి కొత్త సెన్సరు వేశాను. మళ్ళీ రెండు వారాలు. అదే జిడ్డు.

గాలి ఫిల్టరు తీసి చూశాను. మల్లెపువ్వులా ఉంది.

"ఫిల్టరు మార్చావా ఇడమా?"

"మార్చిన మేస్త్రీ. మంచిదే పెట్టిన."

ఇంజను నుంచి ఆయిలు ఆవిరి వెనక్కి తన్నుతోందేమోనని చూశాను, లేదు. గొట్టాలన్నీ చూశాను, ఏమీ లేదు. తల గోక్కోవడం తప్ప మరో పని మిగల్లేదు. సేఠ్‌కు ఓపిక అయిపోయింది. మిగతా బండ్లు బాగానే ఉన్నాయి, రెండుసార్లు బాగుచేసినా ఈ ఒక్కడి చేతిలోనే పాడవుతోంది, నువ్వే కదా ఏదో కలుస్తోందన్నావు అని నా మాట నాకే అప్పజెప్పాడు. ఇడమా డీజిల్ అమ్ముకుని కిరసనాయిలు కలుపుతున్నాడని ఆయన అనుమానం. ఇడమాను పిలిచి హిందీలో చెప్పాడు: "వచ్చే బజారు రోజుదాకా చూస్తాను. ఆ రోజుకు బండి బాగుండకపోతే తాళాలు ఇచ్చి వెళ్ళిపో."

ఇడమా తాళాలగుత్తిని గుప్పిట్లో పట్టుకుని నా వైపు చూశాడు. ఆ గుత్తికి వాళ్ళ నాన్న పాత జీపు తాళంచెవి ఇంకా వేలాడుతోంది. డీజిల్‌లో ఏదో కలిసిందన్న మాట వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు, అది నాదే.

దిగేవాళ్ళ మలుపు

మర్నాడే ఇడమా పక్కన కూర్చుని జగదల్‌పూర్ ట్రిప్పుకు బయల్దేరాను. ఘాట్‌లో మూడో మలుపు దగ్గర బండి ఆయాసపడింది. నేనేమీ అనకముందే జనం గంపలు, కోళ్ళు పట్టుకుని చకచకా దిగిపోయారు. అలవాటు పడిపోయారన్నమాట. ఆ మలుపుకు అప్పటికే పేరు కూడా పెట్టుకున్నారు, దిగేవాళ్ళ మలుపు అని. వాళ్ళు నడిచి, మా కన్నా ముందు పైకి చేరి, అక్కడ కూర్చుని తునికిపళ్ళు తింటూ మాకోసం ఎదురుచూశారు.

నేను బానెట్ ఎత్తి సెన్సరు ప్లగ్ పీకేశాను. సెన్సరు నోరు మూస్తే కంప్యూటరు తన అంచనా మీద డీజిల్ ఇస్తుంది. బండి రయ్యిమని లాగింది. జనం కేకలు, ఈలలు. ఒక ముసలాయన నన్ను నిలదీశాడు.

"పీకేస్తే మంచిగుందిగద! మళ్ళ పెట్టుడెందుకు?"

"అంచనా మీద ఎన్నాళ్ళు నడుస్తది తాతా? కళ్ళు మూసుకుని నువ్వెంత దూరం నడుస్తావ్?"

"తాగినప్పుడు ఇంటిదాక నడుస్త" అన్నాడు. జీపంతా గొల్లుమంది. ఇడమా కూడా నవ్వాడు, ఎన్నో రోజుల తరవాత.

తప్పు సెన్సరు దగ్గరే ఉందని తేలింది. మరి జిడ్డు ఎక్కడిది? వర్క్‌షాపులో కూర్చుంటే దొరకదు, బండి వెంట దాని ఇంటిదాకా పోవాల్సిందే అనుకున్నాను. ఇది కూడా రాసి పెట్టుకోండి: బండి మన దగ్గర ఉండేది ఒక పూట. మిగతా బతుకంతా ఎక్కడో బతుకుతుంది. మనం చూసేది ఉతికిన చొక్కానే.

రెండు ఫిల్టర్లు

ఇడమా ఊరు చింతలనార్ పక్కనే. తిరుగు ట్రిప్పులో అదే బండిలో పోయి, మర్నాడు సాయంత్రానికి చేరాం. వాళ్ళ అమ్మ దేవె నన్ను చూసి ఎంత సంబరపడిందో! "ఇన్నేండ్లకు దారి తెల్సిందా మేస్త్రీ?" అని కోడిని పట్టబోయింది. వద్దు మొర్రో అన్నా వినలేదు.

పొద్దున్నే లేచి వాకిట్లోకి వచ్చాను. దేవె ఎండలో చాప మీద కూర్చుని ఉంది. ఒక పక్క చిన్న సీసాలో పచ్చటి నూనె. ఇప్పగింజలు గానుగ పట్టి తీసిన నూనె. ఇక్కడి బజారులో ఆ గింజల్ని టోరా అంటారు, ఆ నూనె వాడని ఇల్లు ఉండదు. దేవె చేతిలో కోడి ఈక. ఆ ఈకను నూనెలో ముంచి, ఒళ్ళో పెట్టుకున్న గుండ్రటి వస్తువుకు మడత మడతకూ, ఒక్క మడత వదలకుండా, చంటిపిల్లకు తలంటినంత శ్రద్ధగా పూస్తోంది.

ఆ వస్తువు ఇడమా బండి గాలి ఫిల్టరు.

"అమ్మా! ఏంది ఇది? ఏం జేస్తున్నవ్?"

దేవె తలెత్తి, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "ఏందంటవేంది? నూనె పూస్తున్న. ఎర్రధూళి దీనికి అతుక్కుంటది, ఇంజన్ల పోదు. నువ్వే గద నేర్పింది!"

"నేనా?"

"నువ్వు గాకపోతె ఎవరు? మా ఇంటాయనకు చెప్తివి గద, ఇప్పనూనె పుయ్యి హుంగా, ధూళి ఆగుతదని. ఆయన బతికినన్ని దినాలు పూసిండు. ఇప్పుడు నేను పూస్తున్న. కొత్త గింజల నూనె తీస్తే ఫస్ట్ దేవునికి, తర్వాత బండికి. ఆ తర్వాతనే మాకు."

నేను ఆ చాప మీదే కూలబడ్డాను. ఇరవై ఏళ్ళ కిందటి సంగతి ఒక్కసారిగా గుర్తొచ్చింది. హుంగా పాత జీపులో గాలి వడకట్టడానికి ఇంజనాయిలు పోసిన గిన్నె ఉండేది. ఒకసారి అది పగిలింది. కొత్తది రావడానికి ఆలస్యమైతే, తాత్కాలికంగా ఒక జాలీ చుట్టి, ఇప్పనూనె పూసి నడుపుకోమన్నాను. ఆ జీపులో సెన్సరూ లేదు, ఏమీ లేదు, బాగానే నడిచింది. కొత్త గిన్నె వచ్చింది, వేశాను. నూనె పూయడం ఇక ఆపు అని మాత్రం చెప్పలేదు. హుంగా ఆపలేదు. నూనె పూసిన బండికి రోగం రాదని అతని నమ్మకం. ఆ నమ్మకం ఇంటి ఆచారమై కూర్చుంది.

"మరి ఇడమా, నేను ఫిల్టరు చూసినప్పుడల్లా శుభ్రంగా ఉందేంది?"

ఇడమా సిగ్గుపడ్డాడు. "రెండు ఫిల్టర్లున్నయ్ మేస్త్రీ. అడివి దారికి నూనెది. నీకాడికి వచ్చేటప్పుడు మంచిది పెడత. పెద్దోళ్ళ కాడికి మురికి తోని పోతమా?"

అయ్యో నా తండ్రీ! నా మీద గౌరవంతో రోగాన్ని ఇంట్లో దాచి, బండిని తలంటి నా దగ్గరికి తెచ్చేవాడన్నమాట. ఇంజను పీల్చినప్పుడల్లా ఆ నూనె సన్నటి తుంపరగా పోయి, సిలికాన్ బిళ్ళ మీద కూర్చుంది. డీజిల్‌లో ఏదీ కలవలేదు. నా మాటే కలిసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, చివరికి నవ్వే గెలిచింది. దేవె, ఇడమా మొదట కంగారుపడి, సంగతి అర్థమయ్యాక వాళ్ళూ పడీ పడీ నవ్వారు.

నవ్వు ఆగాక దేవె సీసాకు మూత పెట్టింది. "పూసుడు బందు పెట్టమంటవ్. సేఠ్ నమ్ముతడా? మా పిల్లోని తాళాలు ఉంటయా?" అని అడిగింది. అప్పుడు ఆమె గొంతులో నవ్వు లేదు.

"ఉంటాయమ్మా. నేను చెబుతాను" అన్నాను.

బజారు రోజు

తోంగ్‌పాల్ బజారు రోజున వర్క్‌షాపు ముందు డ్రైవర్లందరూ ఉన్నారు. సేఠ్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చెయ్యి చాపి ఉంది, తాళాల కోసం. ఈసారి ముందుకు నడిచి చెప్పడానికి అప్పలస్వామి గారు లేరు. నేనే నడిచాను.

"సేఠ్, పొరపాటు నాది. ఇడమా ఏమీ కలపలేదు. చూడకుండా డీజిల్ అన్నది నేను. నూనె పూయమని వీళ్ళ నాన్నకు నేర్పింది నేను. ఆపమని చెప్పనిదీ నేనే" అని జరిగిందంతా చెప్పాను.

సేఠ్ "అరే బాప్ రే! దొంగ కోసం ఊరంతా వెతికితే, వాడు నా దగ్గరే టీ తాగుతున్నాడా?" అని తొడ చరిచి నవ్వాడు. డ్రైవర్లు నా వీపు విమానం మోత మోగించారు. వాళ్ళలో ఇద్దరు మెల్లగా జారుకుని, తమ పాత జీపుల ఫిల్టర్లు విప్పడం నేను చూశాను. హుంగా స్నేహితులు చాలామందే ఉండేవారు మరి.

కానీ సేఠ్ సేఠే. చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "మాట సరే. ఘాట్ ఎక్కించి చూపించండి. నిండు బండితో. ఎక్కితే తాళాలు అతనివే."

కొత్త కాగితం ఫిల్టరు, పొడిగా. కొత్త సెన్సరు. బజారు జనం కిక్కిరిసి ఎక్కారు: ఉప్పు మూటలు, చింతపండు గంపలు, కోళ్ళు, ఒక మేకపిల్ల. సేఠ్ వెనక సీటులో ఇరుక్కున్నాడు, ఒళ్ళో ఎవరిదో కోడి. ముందు సీటులో, కొడుకు వెంట బజారుకు వచ్చిన దేవె, తలుపు పక్కన నేను. దేవె చేతిలో ఆ నూనె సీసా ఇంకా ఉంది.

"ఇగ దీన్ని ఏం జెయ్యాలె?" అంది.

"నా మోకాళ్ళకు ఇయ్యి. వాటికి సెన్సర్లు లేవు" అన్నాను.

ఘాట్ మొదలైంది. మొదటి మలుపు. రెండో మలుపు. ఇడమా గేరు మార్చే చెయ్యి చెమటతో మెరుస్తోంది. మూడో మలుపు వచ్చేసరికి వెనక గలగలమని చప్పుడు. జనం అలవాటు ప్రకారం గంపలు నెత్తికెత్తుకుంటున్నారు. కోళ్ళు కొక్కొరోమన్నాయి.

ఇడమా అద్దంలోకి చూశాడు. "కూసోండ్రి. ఎవ్వరు దిగొద్దు."

బండి ఎక్కుతోంది. మలుపు తిరుగుతోంది. ఇంజను గొంతు మారలేదు. గంపలు ఒక్కొక్కటే మళ్ళీ కిందికి దిగాయి. వెనక నుంచి సేఠ్ "శభాష్!" అన్నాడు. అప్పుడు దేవె నా మోకాలి మీద ఒక్కటి చరిచింది. చూసుకుంటే, నేను తలుపు కొంచెం తీసి, ఒక కాలు బయట పెట్టి ఉన్నాను.

"కాలు లోపట పెట్టు మేస్త్రీ," అంది. "నువ్వు చెప్పిన పాత మాట ఇరవై ఏండ్లు నమ్మినం. కొత్తది గుడ నమ్మినం. నువ్వే నమ్మకపోతె ఎట్ల?"

కాలు లోపల పెట్టి తలుపు వేసుకున్నాను.